ఒకే ఛానల్‌లో చాలామంది పంపితే ఎంత వెళ్తుంది? మల్టిపుల్ యాక్సెస్ కెపాసిటీ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

షానన్ ఫార్ములా (ఒక్కరే పంపేటప్పుడు గరిష్ఠ రేటు లాగ్ (1 + ఎస్‌ఎన్‌ఆర్); ఎస్‌ఎన్‌ఆర్ అంటే నాయిజ్ పవర్‌తో పోలిస్తే సిగ్నల్ పవర్ ఎన్ని రెట్లో) వరకు హాయిగా వచ్చినవాళ్లు కూడా పంపేవాళ్లు ఇద్దరయ్యేసరికి తడబడతారు. ఏ బ్యాచ్ వచ్చినా డౌట్లు మాత్రం అవే. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే వాటిని ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు, పైవి చదవకపోయినా ఇబ్బంది లేదు.

లెక్కల్లో లాగ్ అంటే బేస్ 2. గాసియన్ ఛానల్ అన్నచోట కాంప్లెక్స్ ఛానల్ అని, నాయిజ్ పవర్ 1 అని అనుకోండి. ఎస్‌ఎన్‌ఆర్‌ని డీబీల్లో కాకుండా మామూలు నిష్పత్తిగా ఇచ్చాను. రేట్లన్నీ ఒక్కో ఛానల్ యూజ్‌కి ఇన్ని బిట్లు అని.

## మొదట్లో వచ్చే డౌట్లు

ఇద్దరు ఒకేసారి పంపితే సిగ్నల్స్ ఢీకొని పాడైపోతాయి కదా, ఇంక కెపాసిటీ ఎక్కడిది?

ఢీకొనడం అన్నది ప్రోటోకాల్ పుస్తకాల భాష. గాలిలో తరంగాలు ఒకదాన్నొకటి చంపుకోవు, కలుస్తాయంతే. రిసీవర్‌కి అందేది వాటి మొత్తం, దాని మీద కొంత నాయిజ్. ఆ మొత్తంలోంచి రెండు మెసేజ్‌లనూ విడదీయగలమా అన్నదే అసలు ప్రశ్న.

అన్నిటికన్నా సులువైన ఉదాహరణ బైనరీ ఆడర్ ఛానల్. ఇద్దరూ 0 గానీ 1 గానీ పంపుతారు, రిసీవర్‌కి కూడిక వస్తుంది: 0, 1 లేదా 2. సున్నా వస్తే ఇద్దరూ 0 పంపారు. రెండు వస్తే ఇద్దరూ 1 పంపారు. ఒకటి వచ్చినప్పుడే చిక్కు, ఎవరు 1 పంపారో తెలీదు. ఇద్దరూ 0, 1 లను సమానంగా వాడితే సగం సార్లు ఏ అనుమానమూ ఉండదు. లెక్క కడితే ఇద్దరికీ కలిపి 1.5 బిట్లు వస్తాయి. వంతులేసుకుని పంపితే 1 బిట్ దగ్గరే ఆగిపోతారు. అంటే ఒకేసారి పంపడం వల్ల నష్టం లేకపోగా సగం బిట్ లాభం.

దీని కెపాసిటీ ఎంత అంటే ఒక నంబర్ చెప్పకుండా బొమ్మ గీస్తారేంటి?

ఇద్దరున్నప్పుడు రేట్లు రెండు ఉంటాయి. ఒకరికి ఎక్కువ ఇస్తే రెండోవాళ్లకి తగ్గవచ్చు. అందుకని ఏ రేట్ల జతలను తప్పుల్లేకుండా పంపగలమో ఆ జతలన్నిటినీ కలిపి ఒక ప్రాంతంగా చూపిస్తారు. దాన్నే కెపాసిటీ రీజియన్ అంటారు. రెండు రేట్లను కూడితే వచ్చే గరిష్ఠ విలువ సమ్ కెపాసిటీ. అది ఒకే నంబర్ కాబట్టి పేపర్లలో ఎక్కువగా కనిపిస్తుంది. కానీ ఎవరి వాటా ఎంత అన్నది అందులో తెలీదు, తగువంతా అక్కడే ఉంటుంది.

ఇది ఎవరు తేల్చారు? షానన్ కాదా?

షానన్ 1961లో రెండు వైపులా సాగే ఛానళ్ల మీద రాసిన పేపర్‌తో ఈ దారి తెరిచాడు. కెపాసిటీ రీజియన్‌ను పూర్తిగా తేల్చింది మాత్రం రుడాల్ఫ్ ఆల్స్‌వేడె (1971), హెన్రీ లియావో (1972). గాసియన్ ఛానల్ సంగతి ఆ తర్వాత ఆరన్ వైనర్, థామస్ కవర్ పేపర్లలో వచ్చింది. లియావో పీహెచ్‌డీ హవాయి విశ్వవిద్యాలయంలో. సరిగ్గా ఆ ఏళ్లలోనే నార్మన్ అబ్రామ్సన్ బృందం అక్కడే అలోహా నెట్‌వర్క్ కట్టింది. ఒకే ఛానల్‌ను పంచుకోవడం గురించి థియరీ ఒక పక్క, ప్రోటోకాల్ ఇంకో పక్క ఒకే క్యాంపస్‌లో పెరిగి, తర్వాత చాలా ఏళ్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

గేట్‌కి ఇది చదవాలా?

అక్కర్లేదు. గేట్ ఈసీలో ఎంట్రపీ, మ్యూచువల్ ఇన్ఫర్మేషన్, ఒకే ట్రాన్స్‌మిటర్ ఉన్న ఛానల్ కెపాసిటీ బాగా వస్తే చాలు. ఇది ఎంటెక్, పీహెచ్‌డీ వాళ్ల సరుకు.

## పెంటగాన్ దగ్గర ఆగిపోయినవాళ్లకి

ఆ మూడు షరతులు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి?

ఇద్దరున్నప్పుడు కెపాసిటీ రీజియన్‌కి షరతులు మూడు: మొదటివాడి రేటు మీద ఒకటి, రెండోవాడి రేటు మీద ఒకటి, రెండింటి మొత్తం మీద ఒకటి. వాటితో గీసిన బొమ్మకి ఐదు వైపులుంటాయి, అదే పెంటగాన్. ఇక డీకోడర్ తప్పు చేయడానికి మూడే దారులున్నాయి: మొదటివాడి మెసేజ్ ఒక్కటే తప్పడం, రెండోవాడిది ఒక్కటే తప్పడం, రెండూ తప్పడం. ఒక్కో దారిని మూసేయడానికి ఒక్కో షరతు. మొదటి దారికి మొదటివాడి రేటు మీద పరిమితి, రెండో దారికి రెండోవాడి రేటు మీద, మూడో దారికి మొత్తం మీద. రెండూ తప్పే సందర్భంలో పోటీకి వచ్చే తప్పుడు జతల సంఖ్య రెండు కోడ్‌బుక్‌ల (పంపగల కోడ్‌వర్డ్‌ల జాబితాల) సైజుల గుణకారమంత ఉంటుంది. అందుకే అక్కడ రేట్ల కూడిక కనిపిస్తుంది.

యూజర్లు పెరిగితే వాళ్లలో ప్రతి గుంపుకీ ఒక షరతు వస్తుంది. ముగ్గురైతే 7, పదిమందైతే 1023.

మొదటివాడి రేటు ఫార్ములాలో "ఎక్స్2 (రెండోవాడు పంపిన సిగ్నల్) తెలిస్తే" అని ఉంది. రిసీవర్‌కి ఎక్స్2 ముందే తెలీదు కదా, ఇది మోసం కాదా?

చాలామంది ఇక్కడే ఆగుతారు, ఆగడమూ న్యాయమే. ఆ షరతు "రెండోవాడి మెసేజ్ సరిగ్గా వచ్చి, మొదటివాడిది మాత్రమే తప్పిన" సందర్భం గురించి. ఆ సందర్భంలో ఎక్స్2 సరైనదే కాబట్టి, తెలిసినట్టు లెక్కేయడంలో తప్పు లేదు. రెండూ తెలియని సందర్భానికి వేరే షరతు ఉండనే ఉంది, అదే మొత్తం మీద పరిమితి. ఇక మరో వైపు నుంచి చూస్తే, ఎవరో రిసీవర్ చెవిలో ఎక్స్2 ఊదేసినా మొదటివాడు ఈ రేటు దాటలేడు. ఊదకపోతే అసలే దాటలేడు.

ఇద్దరి ఇన్‌పుట్ డిస్ట్రిబ్యూషన్లూ స్వతంత్రంగానే ఎందుకుండాలి? కలిపి ఆప్టిమైజ్ చేస్తే ఎక్కువ వస్తుంది కదా?

వస్తుంది, కానీ అది వేరే సమస్య. ఇక్కడ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, వాళ్ల మెసేజ్‌లకు సంబంధం లేదు. కాబట్టి కోడ్‌వర్డ్‌లకూ సంబంధం ఉండదు. తేడా ఎంతో గాసియన్‌లో చూడండి. ఇద్దరి ఎస్‌ఎన్‌ఆర్ చెరో 15 అయితే, విడివిడిగా పంపినప్పుడు పవర్లు కూడి 30 అవుతుంది, సమ్ కెపాసిటీ లాగ్ 31, అంటే 4.95 బిట్లు. ఇద్దరూ ఒకే సిగ్నల్‌ను ఒకే ఫేజ్‌లో పంపగలిగితే కూడేది యాంప్లిట్యూడ్లు. పవర్ నాలుగింతలై 60కి చేరుతుంది, లాగ్ 61 అంటే 5.93 బిట్లు. ఆ దాదాపు ఒక బిట్ వాళ్ల సహకారానికి వచ్చిన ఫలం. సహకారం లేనిచోట దాన్ని లెక్కలో వేసుకోకూడదు.

కాన్వెక్స్ హల్ ఎందుకు తీసుకుంటారు? ఎప్పుడూ అవసరమేనా?

ఒక్కో ఇన్‌పుట్ డిస్ట్రిబ్యూషన్‌కి ఒక్కో పెంటగాన్ వస్తుంది. వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పెడితే అంచులో గుంటలు మిగలొచ్చు. కొంతసేపు ఒక కోడ్, కొంతసేపు ఇంకో కోడ్ వాడితే ఆ గుంటలు పూడతాయి, అదే టైమ్ షేరింగ్. పవర్ పరిమితి ఉన్న గాసియన్ ఛానల్‌లో ఒకే పెంటగాన్ మిగతా అన్నిటినీ మింగేస్తుంది, అక్కడ దీని అవసరం లేదు.

టైమ్ షేరింగ్‌కి ఇద్దరి గడియారాలూ కలవాలి. కొద్దిపాటి తేడా ఉన్నా నష్టం లేదని 1981లో కవర్, మెక్‌ఎలీస్, పోస్నర్ చూపించారు. తేడా కోడ్ పొడవంత ఉంటే మాత్రం కాన్వెక్స్ హల్ పోతుందని, గుంటలు గుంటలుగానే ఉంటాయని 1985లో హుయ్, హంబ్లె తేల్చారు.

## గాసియన్ లెక్కలు

ఎస్‌ఎన్‌ఆర్‌లు చెరో 15 అనుకుని ఒకసారి మొత్తం లెక్క చూపించండి.

ఒక్కడే ఉంటే లాగ్ 16, అంటే 4 బిట్లు. ఇద్దరి మొత్తం లాగ్ 31, అంటే 4.95 దాటకూడదు. కాబట్టి మొదటివాడు తన పూర్తి 4 బిట్లూ తీసుకున్నా రెండోవాడికి 0.95 ఫ్రీగా దొరుకుతుంది. అదే పెంటగాన్‌లో ఒక మూల. పాత్రలు మారిస్తే రెండో మూల. ఈ రెండు మూలల మధ్య గీత మీద ఎక్కడున్నా మొత్తం 4.95 బిట్లే. చెరి సగం కావాలంటే 2.48, 2.48.

పవర్ మార్చకుండా వంతులేసుకుంటే చెరో 2 బిట్లు వస్తాయి, మొత్తం 4.

టీడీఎంఏతోనే (అంటే వంతులేసుకుని పంపడంతోనే) సమ్ కెపాసిటీ వస్తుందని చదివాను. మరి ఈ గోలంతా ఎందుకు?

చదివింది నిజమే, కానీ సగం నిజం. వంతు లేనప్పుడు మిగిల్చిన పవర్‌ను తన వంతులో వాడుకోవచ్చు అనుకుంటే, సమాన పవర్లున్న ఇద్దరికి టీడీఎంఏ సమ్ కెపాసిటీని అందుకుంటుంది. పుస్తకాల్లో బొమ్మ ఎప్పుడూ ఇద్దరూ సమానంగా ఉన్న కేసుకే గీస్తారు, అదే అపోహకి మూలం.

ఫోన్లు అలా సమానంగా ఉండవు. ఒకతను టవర్ కిందే ఉన్నాడు, ఎస్‌ఎన్‌ఆర్ 100. ఇంకొకామె సెల్ అంచున ఉంది, ఎస్‌ఎన్‌ఆర్ 1. చెరి సగం టైమ్ ఇచ్చి, పవర్‌ను కూడా రెట్టింపు చేసుకోనిస్తే అతనికి 3.83 బిట్లు, ఆమెకి 0.79. ఇప్పుడు ఇద్దర్నీ ఒకేసారి పంపనిచ్చి, ముందు అతని సిగ్నల్‌ను డీకోడ్ చేసి తీసేశాం అనుకోండి. అతనికి లాగ్ 51, అంటే 5.67 బిట్లు. ఆమెకి తను ఒక్కతే ఉన్నప్పుడు వచ్చే 1 బిట్ పూర్తిగా. ఇద్దరికీ పెరిగింది! ఎవరి దగ్గరా లాక్కోలేదు.

సమ్ కెపాసిటీ 6.67 ని టీడీఎంఏతోనే సాధించాలని పట్టుబడితే టైమ్‌ను పవర్ల నిష్పత్తిలో పంచాలి. అంటే ఆమెకి 101లో ఒక వంతు. అంత కొద్ది టైమ్‌లో పవర్‌ను 101 రెట్లు పెంచితే వచ్చేది 0.066 బిట్. పైగా ఏ ఫోనూ పవర్‌ను అలా పెంచలేదు. ఎల్‌టీఈ ఫోన్‌కి మామూలుగా ఉండే గరిష్ఠ పరిమితి 23 డీబీఎమ్, సుమారు 200 మిల్లీవాట్లు. అంచున ఉన్న ఫోన్ ఇప్పటికే ఆ పరిమితిలో నడుస్తుంటుంది. కాగితం మీద టీడీఎంఏ సమ్ కెపాసిటీని తాకుతుంది, నిజమే. తాకే చోట ఆమె ఫోన్‌లో వీడియో కాదు, వాట్సాప్ మెసేజ్ వెళ్లడమే కష్టం.

సీడీఎంఏ ఫోన్లలో అందరూ ఒకేసారి పంపేవారు కదా. ఈ లిమిట్‌ని అవి అందుకున్నాయా?

2000ల్లో మన దగ్గర రిలయన్స్, టాటా ఇండికామ్ ఫోన్లు నడిచింది సీడీఎంఏ మీదే. అక్కడ అందరూ ఒకే బ్యాండ్‌లో ఒకేసారి పంపేవారన్నది నిజం. కానీ మామూలు సీడీఎంఏ రిసీవర్ ఒక్కో యూజర్‌ని విడిగా డీకోడ్ చేస్తూ మిగతా అందర్నీ నాయిజ్ అనుకుంటుంది. అదే దాని బలహీనత.

పదిమంది, ఒక్కొక్కరి ఎస్‌ఎన్‌ఆర్ 10 అనుకోండి. ఒక్కొక్కరికీ మిగతా తొమ్మిదిమంది నాయిజే కాబట్టి 0.15 బిట్ దక్కుతుంది, మొత్తం 1.5. అందర్నీ కలిపి డీకోడ్ చేస్తే అదే ఛానల్ లాగ్ 101, అంటే 6.66 బిట్లు మోస్తుంది. ఇంకా ఎంతమందిని చేర్చినా మొదటి పద్ధతి మొత్తం మెల్లగా తగ్గి 1.44 బిట్ల దగ్గర నిలిచిపోతుంది, రెండోది పెరుగుతూనే పోతుంది.

అందర్నీ నాయిజ్ అనుకునే రిసీవర్‌కి ఒక్కడు గట్టిగా అరిచినా మిగతావాళ్లు వినపడరు. అందుకే ఐఎస్-95 అనే తొలి సీడీఎంఏ స్టాండర్డ్‌లో బేస్ స్టేషన్ ప్రతి ఫోన్‌కీ సెకనుకి 800 సార్లు పవర్ పెంచమనో తగ్గించమనో చెప్పేది. పక్క సెల్‌లో కూడా అదే ఫ్రీక్వెన్సీ వాడుకోవడం లాంటి వేరే లాభాలు సీడీఎంఏకి ఉన్నాయి, వాటి వల్లే అది నిలబడింది. మల్టిపుల్ యాక్సెస్ లిమిట్‌కి దగ్గరగా వెళ్లడం వల్ల మాత్రం కాదు.

యూజర్లు పెరిగేకొద్దీ మొత్తం పెరుగుతుందంటే ఎంతమందినైనా చేర్చుకోవచ్చా?

మొత్తం లాగ్ లెక్కన పెరుగుతుంది, తలలు మాత్రం ఒక్కొక్కటిగా పెరుగుతాయి. ఒక్కొక్కరి ఎస్‌ఎన్‌ఆర్ 1 అయితే ఒక్కడికి 1 బిట్. పదిమందైతే మొత్తం 3.46, తలా 0.35. వందమందైతే మొత్తం 6.66, తలా 0.067.

## డీకోడింగ్ దగ్గర

సక్సెసివ్ క్యాన్సిలేషన్‌లో (ఒకరిని డీకోడ్ చేసి, ఆ సిగ్నల్‌ను తీసేసి, తర్వాతివాళ్లను డీకోడ్ చేయడం) ముందు బలమైన సిగ్నల్‌నే డీకోడ్ చేయాలా?

అలాంటి రూల్ ఏమీ లేదు. ఏ వరసలో చేసినా మొత్తం అంతే వస్తుంది. చివర డీకోడ్ అయినవాళ్లకి శుభ్రమైన ఛానల్ దొరుకుతుంది, ముందున్నవాళ్లు మిగతావాళ్ల సిగ్నల్‌ను భరించాలి. ఎస్‌ఎన్‌ఆర్‌లు 100, 1 అయితే బలమైనదాన్ని ముందు తీస్తే 5.67, 1. బలహీనమైనదాన్ని ముందు తీస్తే దానికి 0.014, బలమైనదానికి 6.66. కూడితే రెండుసార్లూ 6.67. ఎవరికి ఎంత ఇవ్వాలనుకున్నామో దాన్ని బట్టే వరస. బలహీనమైనవాళ్లను బతికించాలంటే వాళ్లను చివరికి ఉంచాలి.

ముందు డీకోడ్ చేసింది తప్పైతే అంతా కూలిపోతుందిగా?

థియరీలో కోడ్ పొడవు పెరిగేకొద్దీ ఆ తప్పు సున్నాకి పోతుంది కాబట్టి భయం లేదు. ల్యాబ్‌లో అయితే ముందు సీఆర్‌సీ (తప్పులు పట్టే చెక్ బిట్లు) చూసి, సరిపోతేనే తీసివేయడం మామూలు పద్ధతి.

అసలు టెన్షన్ డీకోడింగ్ తప్పు గురించి కాదు, ఛానల్ అంచనా గురించి. బిట్లన్నీ సరిగ్గా వచ్చినా, ఆ సిగ్నల్ ఎంత గెయిన్‌తో, ఏ ఫేజ్‌తో వచ్చిందో కచ్చితంగా తెలిస్తేనే పూర్తిగా తీసేయగలం. ఎస్‌ఎన్‌ఆర్ 100 ఉన్న సిగ్నల్‌లో పవర్ లెక్కన ఒక్క శాతం మిగిలిపోయినా అది 1, అంటే నాయిజ్ అంత. వెనక ఉన్న ఎస్‌ఎన్‌ఆర్ 1 సిగ్నల్ ఇప్పుడు 1 కి బదులు 2 ని ఎదుర్కోవాలి. దాని రేటు 1 బిట్ నుంచి 0.58 కి పడిపోతుంది. సిమ్యులేషన్‌లో బ్రహ్మాండంగా వచ్చిన లాభం హార్డ్‌వేర్‌లో ఎక్కడికి పోయిందని అడిగేవాళ్లు ముందు ఈ ఒక్క శాతాన్ని వెతకాలి.

మూలలు రెండూ వద్దు, మధ్యలో పాయింట్ కావాలి. టైమ్ షేరింగ్ తప్ప దారి లేదా?

రెండు దారులున్నాయి. ఇద్దర్నీ కలిపి ఒకేసారి డీకోడ్ చేయడం ఒకటి, కానీ దానికి కంప్యూటేషన్ భారం ఎక్కువ. రెండోది 1996లో రిమోల్డి, అర్బాంకె చూపించిన రేట్ స్ప్లిట్టింగ్: ఒక యూజర్ తన పవర్‌ను రెండు ముక్కలు చేసుకుని ఇద్దరు యూజర్లలా నటిస్తాడు.

ఎస్‌ఎన్‌ఆర్‌లు చెరో 15, ఇద్దరికీ సమానంగా 2.48 కావాలనుకుందాం. మొదటివాడు తన 15 ని 12.72, 2.28 గా విడగొడతాడు. రిసీవర్ ముందు 12.72 ముక్కను తీస్తుంది: 0.76 బిట్. తర్వాత రెండోవాడిని మొత్తంగా తీస్తుంది. అతనికి అడ్డు 2.28 ముక్క, నాయిజ్ మాత్రమే కాబట్టి 2.48. చివర్లో మిగిలిన ముక్క శుభ్రంగా 1.72 ఇస్తుంది. మొదటివాడికి 0.76, 1.72 కలిపితే 2.48. టైమ్ షేరింగ్ లేదు, కలిపి డీకోడ్ చేయడం లేదు, ఒక యూజర్ కోసం రాసిన డీకోడర్‌నే మూడుసార్లు నడిపితే చాలు. ఎంతమంది యూజర్లున్నా ఒక్కరు తప్ప మిగతావాళ్లు రెండేసి ముక్కలైతే రీజియన్‌లో ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఈ టాపిక్ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఐడియా ఇదే.

## కోడ్‌లు, ఫీడ్‌బ్యాక్, సంబంధం ఉన్న డేటా

అసలు చేత్తో రాసి చూసుకోగలిగే కోడ్ ఒకటి చూపిస్తారా?

ఆడర్ ఛానల్‌కి ఉంది. అక్కడ ఇద్దరూ 0, 1 లు పంపితే రిసీవర్‌కి కూడిక (0, 1, 2) వస్తుంది. రెండేసి అక్షరాల కోడ్‌వర్డ్‌లు తీసుకోండి. మొదటివాడి దగ్గర 00, 11. రెండోవాడి దగ్గర 00, 01, 10. మొదటివాడు 00 పంపితే రిసీవర్‌కి 00, 01, 10 లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. 11 పంపితే 11, 12, 21 లలో ఒకటి. ఆరూ వేర్వేరు. ఏది కనిపించినా ఎవరేం పంపారో ఒక్క తప్పు లేకుండా చెప్పేయొచ్చు. మొదటివాడికి రెండు వాడకాల్లో 1 బిట్, రెండోవాడికి లాగ్ 3. ఒక్కో వాడకానికి మొత్తం 1.29 బిట్లు. వంతులేసుకుంటే వచ్చే 1 కన్నా మెరుగు. తప్పు సున్నాకి దగ్గరైతే చాలనుకునే పొడవైన కోడ్‌లతో 1.5 దాకా వెళ్లొచ్చు.

ఎల్‌డీపీసీ, పోలార్ లాంటి తప్పులు దిద్దే కోడ్‌లు ఇక్కడ పనికొస్తాయా, కొత్త కోడ్‌లు కావాలా?

వరసగా డీకోడ్ చేసి తీసేసే పద్ధతిలో ఒక యూజర్ కోసం చేసిన మంచి కోడ్ ఏదైనా పనికొస్తుంది. కలిపి డీకోడ్ చేయాలంటే ఇద్దరి కోసం కలిపి డిజైన్ చేసిన కోడ్‌లు మెరుగు. అరికాన్ పోలార్ కోడ్‌లను 2009లో ప్రచురించాక, వాటిని ఇద్దరు యూజర్ల ఛానల్‌కి షాషోలు, తెలతార్, యే విస్తరించారు.

ఫీడ్‌బ్యాక్ (రిసీవర్‌కి ఏం అందిందో పంపినవాళ్లకి తిరిగి తెలియడం) వల్ల కెపాసిటీ పెరగదని షానన్ చెప్పాడు కదా, ఇక్కడ పెంచుతుందంటారేంటి?

షానన్ 1956లో చెప్పింది మెమరీ లేని, ఒకరే పంపే ఛానల్ గురించి. ఇద్దరు పంపేటప్పుడు ఫీడ్‌బ్యాక్ వాళ్లిద్దరి మధ్య పరోక్షంగా ఒక లింక్ వేస్తుంది. 1975లో గార్డర్, వుల్ఫ్ దీన్ని ఆడర్ ఛానల్‌లోనే చూపించారు. ఇద్దరూ 0, 1 లు పంపితే రిసీవర్‌కి కూడిక వచ్చే ఛానల్ అది.

ఇద్దరూ చెరో 1000 బిట్లు ఏ కోడింగూ లేకుండా పంపేస్తారు. దాదాపు 500 చోట్ల రిసీవర్‌కి 1 వస్తుంది, అక్కడ ఎవరు 1 పంపారో దానికి తెలీదు. కానీ ఫీడ్‌బ్యాక్ వల్ల పంపినవాళ్లిద్దరికీ తెలుసు: నేను 0 పంపాను, వచ్చింది 1, అంటే అవతలివాడు 1 పంపాడు. ఇప్పుడు ఆ 500 బిట్లు ఇద్దరికీ ఉమ్మడి సమాచారం. ఇద్దరూ కూడబలుక్కుని 0, 1, 2 లలో తమకు కావలసినదే రిసీవర్‌కి కనిపించేలా చేయగలరు, అంటే ఒక్కో వాడకానికి లాగ్ 3 (1.585) బిట్లు. 500 బిట్లకి సుమారు 316 వాడకాలు. మొత్తం 1316 వాడకాల్లో 2000 బిట్లు, అంటే 1.52. ఫీడ్‌బ్యాక్ లేకపోతే 1.5 దాటదు. తేడా చిన్నదే, కానీ "ఫీడ్‌బ్యాక్ వల్ల లాభం లేదు" అన్న మాటను తిప్పికొట్టడానికి అది చాలు. ఇద్దరున్న గాసియన్ ఛానల్‌కి ఫీడ్‌బ్యాక్ ఉంటే రీజియన్ ఎంతో 1984లో ఓజరో పూర్తిగా తేల్చాడు.

రెండు సెన్సర్ల డేటా దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు కంప్రెస్ చేసి తర్వాత ఛానల్ కోడింగ్ చేస్తే సరిపోతుందా?

ఒకరే పంపేటప్పుడు సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. కవర్, ఎల్ గమాల్, సలేహి 1980లో ఇచ్చిన ఉదాహరణ చూస్తే ఇంకేం చెప్పక్కర్లేదు. రెండు సెన్సర్ల రీడింగులు (0, 0), (0, 1), (1, 1) లలో ఏదో ఒకటి, సమాన అవకాశంతో. (1, 0) ఎప్పుడూ రాదు. ఈ జతకి ఎంట్రపీ లాగ్ 3, అంటే 1.585 బిట్లు. ఛానల్ ఏమో రెండు ఇన్‌పుట్లనూ కూడేది, సమ్ కెపాసిటీ 1.5. విడిగా కంప్రెస్ చేసి పంపితే 1.585 ని 1.5 లో పట్టించలేం. కానీ రీడింగులను ఉన్నవున్నట్టు పంపేయండి: కూడిక 0 అయితే (0, 0), 1 అయితే (0, 1), 2 అయితే (1, 1). ఒక్క తప్పు లేదు, ఏ కోడింగూ లేదు. ముందు కంప్రెస్ చేయడమంటే పనికొచ్చే ఆ సంబంధాన్ని చెరిపేయడమే.

## ఫేడింగ్, యాంటెన్నాలు

ఛానల్ ఎప్పటికప్పుడు మారుతుంటే ఏం చేయాలి?

అందరి ఛానళ్లూ తెలిసి, సమ్ రేట్ ఒక్కటే కావాలనుకుంటే ఏ క్షణంలో ఎవరి ఛానల్ బాగుందో వాళ్లనొక్కరినే పంపనివ్వడం మేలని 1995లో నాప్, హంబ్లె చూపించారు. యూజర్లు ఎక్కువైతే ఎప్పుడూ ఎవరో ఒకరిది బాగానే ఉంటుంది, అంటే ఫేడింగ్ శాపం కాస్తా వరమవుతుంది. ఎప్పుడూ ఛానల్ బాగోనివాళ్ల సంగతేంటన్నది వెంటనే వచ్చే ప్రశ్న. వాళ్ల గురించి పట్టించుకోవాలంటే మొత్తం రీజియన్ తెలియాలి. దాన్ని 1998లో ట్సె, హాన్లీ తేల్చారు. నిజమైన నెట్‌వర్క్‌లలో షెడ్యూలర్ చేసేది ఈ రెండింటి మధ్య రాజీ: ఎవరి సగటుతో పోలిస్తే వాళ్ల ఛానల్ ఇప్పుడు బాగుందో వాళ్లకి వంతు ఇస్తుంది.

టవర్ మీద యాంటెన్నాలు పెంచితే ఈ లెక్కలు ఎలా మారతాయి?

బాగా మారతాయి. ఎస్‌ఎన్‌ఆర్ చెరో 15 ఉన్న ఇద్దరికి ఒక్క యాంటెన్నా ఉంటే మొత్తం 4.95 బిట్లు. రెండు యాంటెన్నాలు పెట్టి, ఇద్దరి సిగ్నళ్లూ వాటి మీద పూర్తిగా వేర్వేరు దిశల్లో పడేలా ఉంటే (ఒక్కొక్కరికీ అందే మొత్తం పవర్ అంతే అనుకుని) చెరో 4, మొత్తం 8. ఇక్కడ వంతులేసుకోవడం సమానమైనవాళ్లకి కూడా దండగే, పవర్ పెంచుకున్నా 5 బిట్లు దాటదు.

## రద్దీగా ఉన్న నెట్‌వర్క్‌లు, ఇంకా తేలని సంగతులు

అలోహాలో (ఎవరికి కావలసినప్పుడు వాళ్లు ప్యాకెట్ పంపేసే ప్రోటోకాల్) ఛానల్‌లో 37 శాతమే గరిష్ఠంగా పనికొస్తుందంటారు. అది షానన్ లిమిట్ లాంటిదేనా?

కాదు. స్లాటెడ్ అలోహాలో 36.8 శాతం, స్లాట్లు లేని అలోహాలో 18.4 శాతం అన్నవి ఒక అంచనా మీద నిలబడ్డ లెక్కలు: ఒక స్లాట్‌లో రెండు ప్యాకెట్లు పడితే రెండూ చెత్తబుట్టలోకే. ఆ అంచనాను సడలిస్తే సంఖ్య మారుతుంది. ప్రతి ప్యాకెట్‌నూ రెండుమూడు స్లాట్లలో పంపి, ఒకచోట శుభ్రంగా దొరికితే మిగతా చోట్ల దాని కాపీని తీసేస్తూ పోతే, ఇంకొకటి బయటపడుతుంది, దాన్ని తీస్తే మరొకటి. 2007లో శాటిలైట్ లింకుల కోసం వచ్చిన ఈ పద్ధతిని 2011లో లీవా మెరుగుపరిచాడు. కాపీల సంఖ్యను జాగ్రత్తగా ఎంచుకుంటే ఒక్కో స్లాట్‌కి దాదాపు ఒక ప్యాకెట్ దాకా వెళ్లొచ్చు.

వేలకొద్దీ ఐఓటీ సెన్సర్లు ఎప్పుడో ఒకసారి నాలుగు బైట్లు పంపుతాయి. వాటికి ఏ రీజియన్ గీయాలి?

పాత రీజియన్ అక్కడ పనికిరాదు. యూజర్ల సంఖ్య స్థిరం, కోడ్ పొడవు అనంతం అన్న రెండు ఊహలూ అక్కడ తప్పుతాయి. 2017లో పోలియాన్‌స్కీ దీన్ని వేరేలా చూశాడు: అందరిదీ ఒకే కోడ్‌బుక్, రిసీవర్‌కి మెసేజ్‌ల జాబితా కావాలి తప్ప ఎవరు పంపారన్నది కాదు, ఒక్కొక్కరి తప్పు సంభావ్యతను విడిగా లెక్కేస్తాం. పంపినవాళ్ల గుర్తింపు కావాలంటే దాన్ని మెసేజ్ లోపలే పెట్టుకోవాలి. ఇక్కడ అడిగేది ఎన్ని బిట్లు వెళ్తాయని కాదు, ఇంతమందికి ఒక్కో బిట్‌కి ఎంత ఎనర్జీ కావాలని. బ్యాటరీ మీద ఏళ్ల తరబడి నడవాల్సిన సెన్సర్‌కి ఆ ప్రశ్నే ముఖ్యం.

నోమా నోమా అని ఇన్ని పేపర్లు వచ్చాయి. 5జీలో ఎందుకు కనిపించదు?

నోమా అంటే ఒకే టైమ్‌లో ఒకే ఫ్రీక్వెన్సీలో పలువురిని పంపనిచ్చి రిసీవర్ దగ్గర విడదీయడం. మొబైల్ స్టాండర్డ్‌లు రాసే 3జీపీపీ, అప్‌లింక్ (ఫోన్ నుంచి టవర్‌కి) నోమాను గట్టిగానే స్టడీ చేసింది, కానీ స్టాండర్డ్‌లోకి తీసుకోలేదు. నా అభిప్రాయం ఇది: చాలా పేపర్లు ఒక్క యాంటెన్నా ఉన్న బేస్ స్టేషన్‌లో, పచ్చి టీడీఎంఏతో పోల్చి లాభం చూపించాయి. 5జీ టవర్‌కి పదుల కొద్దీ యాంటెన్నాలుంటాయి, ఒకే టైమ్‌లో ఒకే ఫ్రీక్వెన్సీలో పలువురిని దిశను బట్టే విడదీస్తుంది. మల్టిపుల్ యాక్సెస్ థియరీ వాగ్దానం చేసిన లాభంలో పెద్ద వాటా ఆ దారిలోనే వచ్చేసింది. మిగిలిన కొంచెం కోసం రిసీవర్‌ను అంత క్లిష్టం చేయడం ఎవరికీ గిట్టుబాటు కాలేదు.

రిసీవర్లు కూడా ఇద్దరైతే? ఎవరి మెసేజ్ వాళ్లకే కావాలి.

అది ఇంటర్‌ఫియరెన్స్ ఛానల్. రిసీవర్ ఒక్కటే ఉన్నప్పుడు 1970ల్లోనే తేలిన విషయం, రెండయ్యేసరికి నేటికీ పూర్తిగా తేలలేదు. ఇద్దరున్న గాసియన్ కేసుకి కూడా అన్ని సందర్భాల్లో కచ్చితమైన జవాబు లేదు. ఇప్పటికీ అందరూ మొదలుపెట్టేది 1981 నాటి హాన్, కొబయాషి పద్ధతితోనే: ప్రతివాడూ తన మెసేజ్‌లో కొంత భాగాన్ని అవతలి రిసీవర్ కూడా డీకోడ్ చేయగలిగేలా పంపుతాడు, మిగతాది నాయిజ్‌గా మిగులుతుంది. దీన్ని సులువుగా మలిస్తే అసలు జవాబుకి ఒక్కొక్కరికీ ఒక్క బిట్ దూరంలోపే ఉంటామని 2008లో ఎట్కిన్, ట్సె, వాంగ్ నిరూపించారు.

ఒక సందర్భం మాత్రం 1975లోనే తేలిపోయింది, అదీ ఎవరూ ఊహించని వైపు నుంచి. ఇంటర్‌ఫియరెన్స్ చాలా బలంగా ఉంటే దాని వల్ల నష్టమే ఉండదని కార్లియల్ చూపించాడు. సొంత ఎస్‌ఎన్‌ఆర్ 15, పక్కవాడి నుంచి వచ్చే సిగ్నల్ బలం 240 అనుకోండి. రిసీవర్ తన సిగ్నల్‌ను నాయిజ్ అనుకుని ముందు పక్కవాడిని డీకోడ్ చేస్తుంది: లాగ్ (1 + 240/16), అంటే 4 బిట్లు. పక్కవాడు పంపేదీ 4 బిట్లే, కాబట్టి పూర్తిగా డీకోడ్ అవుతాడు, తీసేయొచ్చు. మిగిలింది శుభ్రమైన ఛానల్, అందులో తన 4 బిట్లు. అవతలి రిసీవర్ దగ్గరా ఇదే లెక్క. అదే ఇంటర్‌ఫియరెన్స్ 240కి బదులు 15 దగ్గర ఉండి ఉంటే రెండు జంటలూ కలిసి 4.95 బిట్లతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది.